2021 లాక్‌డౌన్‌లో ఆఫీసు పని, పరుగు, ఇల్లు: హన్మకొండ మిత్రుని ప్రశ్నకు సమాధానం

ఇంటి నుంచి ఆఫీసు పని, డాబా మీద పరుగు, పిల్లలతో గడపడం మూడూ చెడుతున్నాయని మీరు రాసిన దానికి కారణం బద్ధకం కాదు. వడ్డేపల్లి చెరువు కట్ట మీద పరుగు కోసం వేసుకున్న 21.1 కిలోమీటర్ల హాఫ్ మారథాన్ ప్రణాళికను మార్చకుండా డాబా మీదికి తెచ్చుకోవడమే.

1. కిలోమీటర్ల లెక్క వదిలి, వారానికి 4 రోజులు, రోజుకు 30 నిమిషాలు పెట్టుకోండి.

2. చాలామంది మరిచిపోయేది ఇదే: పని ముగించే వేళను పై అధికారికి, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి, ఆ వేళకు ల్యాప్‌టాప్ మూసి మరో గదిలో పెట్టాలి. ఇదివరకు ఆఫీసు నుంచి ఇంటికి చేసే ప్రయాణమే పనికీ ఇంటికీ మధ్య గీత గీసేది. ఇప్పుడు మీరే గీసుకోకపోతే, పరుగుకు పట్టే సమయమంతా ఇంటివాళ్ల వాటాలోంచే పోతుంది. వారి అలక న్యాయమైనదే.

3. ఒకే వైపు తిరుగుతూ పరుగెత్తితే ఒక కాలిపైనే భారం ఎక్కువవుతుంది కనుక, ప్రతి 5 నిమిషాలకు దిశ మార్చండి.

4. 2021 మే 12న తెలంగాణలో మొదలైన లాక్‌డౌన్‌లో ఉదయం 6 నుంచి 10 వరకు సడలింపు ఇచ్చారు; ఆ వేళను సరుకులకు ఉంచి, మన ఎండలు ముదరకముందే, 5:15కే డాబా ఎక్కండి.