పసివాడి తలకు దెబ్బ: మొదటి రోజు స్కోరు చెప్పేదెంత?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. రెండేళ్ళ నాలుగు నెలల మా మనవడు రెండు నెలల క్రితం డాబా మెట్ల మీద నుంచి పడిపోయాడు. ఆసుపత్రిలో చేర్చినప్పుడు గ్లాస్గో స్కోరు 10 అన్నారు. నుదుటి వైపు మెదడు కమిలినట్టు సీటీ స్కాన్‌లో కనిపించిందని, ఆపరేషన్ అవసరం లేదని చెప్పి, కొన్నాళ్ళు ఐసీయూలో ఉంచి పంపించారు. ఇప్పుడు నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు. ‘చిన్న వయసు కదా, మెదడు దానంతటదే సర్దుకుంటుంది’ అని ఇరుగుపొరుగువారు అంటున్నారు. న్యూరో సర్జన్ గారు మాత్రం బడిలో చేరాక కూడా చూపిస్తూనే ఉండమన్నారు. ఎవరి మాట నమ్మాలి?
ఒక అమ్మమ్మ, మర్రిపాలెం, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ న్యూరో సర్జన్ గారి మాటే పాటించండి. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

మీరు రాసిన గ్లాస్గో స్కోరు, తలకు దెబ్బ తగిలినవారు ఎంత తెలివిలో ఉన్నారో కొలిచే మార్కులు. దీన్ని 1974లో గ్లాస్గో నగరానికి చెందిన టీస్‌డేల్, జెన్నెట్ అనే వైద్యులు రూపొందించారు. కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కాళ్ళూ చేతుల కదలికకు 6, మొత్తం 15 మార్కులు. ఎంత తగ్గినా 3 కంటే తగ్గదు. సాధారణంగా 13 నుంచి 15 వరకు స్వల్ప గాయమనీ, 9 నుంచి 12 వరకు మధ్యస్థమనీ, 8 లేదా అంతకంటే తక్కువైతే తీవ్రమైనదనీ లెక్కిస్తారు. ఆ ప్రకారం మీ మనవడిది మధ్యస్థ గాయం. అయితే ‘ఇది ఏ ఊరు, ఇవాళ ఏ వారం’ అని పెద్దవాళ్ళను అడిగినట్టు రెండేళ్ళ బిడ్డను అడగలేం కాబట్టి, పసిపిల్లలకు మాట మార్కులను వేరే విధంగా వేస్తారు: మామూలుగా ఊసులాడుతుంటే 5, చిరాకుగా ఏడుస్తుంటే 4, నొప్పి కలిగిస్తేనే ఏడిస్తే 3. కొత్త చోట, కొత్త మనుషుల మధ్య భయపడి ఏడ్చే బిడ్డకూ, మెదడు దెబ్బ వల్ల ఏడ్చే బిడ్డకూ తేడా పట్టడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే. ఫిట్స్ వచ్చిన వెంటనే చూసినా, మత్తుమందు ఇచ్చాక చూసినా స్కోరు తక్కువగా వస్తుంది. అందుకే ఒక్కసారి చూసిన స్కోరు కంటే గంటగంటకూ అది ఎటు మారిందో, స్కాన్‌లో ఏం కనిపించిందో, బిడ్డ పూర్తి తెలివిలోకి రావడానికి ఎన్నాళ్ళు పట్టిందో ముఖ్యం. అమ్మను ఎప్పుడు గుర్తుపట్టాడు, రోజూ ఆడుకునే బొమ్మను ఎప్పుడు అడిగాడు వంటి మీ జ్ఞాపకాలు కూడా వైద్యుడికి పనికివచ్చే ఆధారాలే. వాటిని తేదీలతో రాసి ఉంచండి.

ఇక సర్దుకుపోవడం గురించి. పసి మెదడు బాగా కోలుకుంటుందన్న నమ్మకానికి 1930లలో మార్గరెట్ కెన్నార్డ్ అనే శాస్త్రవేత్త కోతిపిల్లల మీద చేసిన ప్రయోగాలు బలమిచ్చాయి. స్వల్ప గాయాలైన పిల్లల్లో అత్యధికులు చక్కగా కోలుకుంటారన్నది నిజమే. కానీ గాయం పెద్దదైనప్పుడు పసితనం రక్షణ కాదని, పిల్లలను ఏళ్ళ తరబడి గమనించిన మెల్‌బోర్న్‌కు చెందిన విక్కీ ఆండర్సన్ బృందం వంటివారి పరిశోధనలు చూపించాయి. తీవ్ర గాయాల్లో, మరీ చిన్న వయసులో దెబ్బ తిన్నవారే పెద్ద పిల్లలకన్నా ఎక్కువగా వెనకబడ్డారు. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. నుదుటి వెనక ఉండే మెదడు భాగం చేసే పనులు, అంటే మనసు నిలపడం, తొందరను ఆపుకోవడం, ఒక పనిని వరుసగా ఆలోచించి చేయడం, ఇరవై ఏళ్ళు దాటే వరకూ ఎదుగుతూనే ఉంటాయి. రెండేళ్ళ బిడ్డను ఆ పనులు ఎవరూ అడగరు కనుక వాటిలో లోపం ఉన్నా ఇప్పుడు బయటపడదు. మూడు, నాలుగో తరగతుల్లో పాఠం బరువెక్కినప్పుడు మొదటిసారి కనిపించవచ్చు, అసలు కనిపించకపోనూ వచ్చు. మీ వైద్యుడు ముందే తేల్చి చెప్పకపోవడాన్ని నేను నిజాయితీగానే భావిస్తాను.

ఇప్పుడు మాటలు పెరుగుతున్న తీరు, నిద్ర, నడకలో తూలడం, చూపు, వినికిడి గమనించండి. వినికిడి పరీక్ష తప్పక చేయించండి. నాలుగేళ్ళకు తోటిపిల్లలతో ఆటలో తన వంతు కోసం ఆగగలుగుతున్నాడా, ఆరేళ్ళకు రెండు మూడు పనులు ఒకేసారి చెబితే గుర్తుంచుకుంటున్నాడా చూడండి. బడిలో చేర్చే రోజునే ఈ దెబ్బ సంగతి టీచరుకు చెప్పండి. ఏళ్ళు గడిచాక త్వరగా అలసిపోయే, పరధ్యానంగా ఉండే పిల్లవాడిని ‘మొండివాడు, సోమరి’ అనడమే తప్ప, ఎప్పుడో తగిలిన దెబ్బను ఎవరూ గుర్తుచేసుకోకపోవడం నన్ను చాలా బాధపెట్టే విషయం. డిశ్చార్జి కాగితాలు, స్కాన్ ఫిల్ములు పారేయకండి.

విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రిలో న్యూరో సర్జరీ, పిల్లల విభాగాలు రెండూ ఉన్నాయి. ఎదుగుదలలో వెనకబాటు అనిపిస్తే, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయి కేంద్రంలో పరీక్షలు, థెరపీ గురించి అక్కడే అడగండి. గాయం తరువాత ఎప్పుడు ఫిట్స్ వచ్చినా పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏదీ పెట్టకుండా, చేతిలో తాళాలు పెట్టే ప్రయత్నాలతో కాలయాపన చేయకుండా, 108కి ఫోన్ చేయండి. మరొక మాట: బిడ్డ ఎలా కోలుకుంటాడన్నది ఇంటి వాతావరణం మీద కూడా ఆధారపడుతుంది. ఆ మెట్ల దగ్గర ఎవరు చూసుకోలేదన్న చర్చ ఇంట్లో సాగుతుంటే, దయచేసి పెద్దవారుగా మీరే ఆపించండి. మీ అమ్మాయి మనసు కుదుటపడితే ఆ మేలు బిడ్డకూ అందుతుంది.

ప్రశ్న: పది నెలల మా పాప రెండడుగుల ఎత్తు మంచం మీద నుంచి పడింది. నుదుటి మీద బొప్పి కట్టింది. వెంటనే ఏడ్చింది, పాలు తాగింది. స్కాన్ తీయించాలా?
ఒక తండ్రి, గాజువాక

జవాబు: మీరు రాసినంత వరకే అయితే అవసరం కనిపించడం లేదు. ఉత్తర అమెరికాలో 42 వేలకు పైగా పిల్లలను పరిశీలించి 2009లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం, రెండేళ్ళలోపు వారికి ఈ గుర్తులు చూడమంది: మత్తుగా ఉండటం లేదా తెలివిలో మార్పు, తల పక్కన గాని వెనక గాని బొప్పి, అయిదు సెకన్లు లేదా అంతకుమించి స్పృహ తప్పడం, మూడడుగులకు మించిన ఎత్తు నుంచి పడటం వంటి బలమైన దెబ్బ, తాకితే తెలిసేలా పుర్రె ఎముక విరగడం, బిడ్డ ఎప్పటిలా లేదని తల్లిదండ్రులకే అనిపించడం. ఇవేవీ లేని బిడ్డకు ప్రమాదకరమైన మెదడు గాయం ఉండే అవకాశం పదివేలలో రెండుకన్నా తక్కువ. నుదుటి మీది బొప్పి ఈ జాబితాలో లేదు. సీటీ స్కాన్‌లో రేడియేషన్ ఉంటుంది కనుక మీ తృప్తి కోసం తీయించవద్దు. ఒకసారి పిల్లల వైద్యుడికి చూపించి, దగ్గరుండి గమనించండి. పదేపదే వాంతులైనా, లేపినా సరిగ్గా లేవకపోయినా, మాడు ఉబ్బినా, ముక్కు లేక చెవి నుంచి నీరులాంటి ద్రవం కారినా, ఒక చేయి కదలిక తగ్గినా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.