ఏ పేజీ దగ్గర వెళ్లిపోయింది బస్సు?

అమ్మాయ్,

నీ ఉత్తరమూ, దాంతోపాటు పంపిన ‘ఈ మధ్య నేను చదివిన పుస్తకాలు’ అనే కాగితాలూ అంది ఇరవై రోజులు దాటింది. ఆలస్యం ఎందుకయిందో దాచడం దేనికి, మొదటిసారి చదివి విసుగొచ్చి పక్కన పడేశాను. మూడు నెలల్లో ఇరవై మూడు పుస్తకాలు. ఒక్కోదానికి ఐదారు లైన్లు, చివర చుక్కలు. నాలుగున్నర చుక్కలేమిటమ్మా, ఆ అర చుక్క ఎక్కడ తెగ్గోశావు? ‘గుండెను మెలిపెట్టింది’ అని ఏడుసార్లు రాశావు. ‘తప్పక చదవాల్సిన పుస్తకం’ పదకొండుసార్లు. సహకార సంఘంలో ముప్పై ఏళ్లు ఎరువు బస్తాలు లెక్కపెట్టిన వాణ్ణి, లెక్కపెట్టకుండా ఉండలేను (అన్నట్టు నన్ను మాస్టారూ అనకు, నేనెవరికీ పాఠాలు చెప్పలేదు). నువ్వు అవన్నీ నిజంగానే చదివావు, నాకు అనుమానం లేదు. కానీ ఆ ఇరవై మూడు పేరాల మీద పుస్తకాల పేర్లు అటూ ఇటూ మార్చేసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ ‘బాగానే ఉంది’ అంది.

మొన్న ఆదివారం అటక మీది కాగితాలు సర్దుతూ మళ్లీ తీశాను. పద్నాలుగో పుస్తకం దగ్గర, బ్రాకెట్లో, నువ్వు రాసేసి మర్చిపోయిన వాక్యం ఒకటి కనిపించింది. ‘ఇది చదువుతుంటే రావులపాలెం బస్టాండులో రాజోలు బస్సు వెళ్లిపోయింది.’ వెంటనే మళ్లీ చుక్కలు, పదిహేనో పుస్తకం.

ఏ పేజీ దగ్గరమ్మా?

రావులపాలెం బస్టాండు నాకు తెలియనిది కాదు. అరటి గెలల లారీల హారన్లు, జంతికల పొట్లాలవాడి కేకలు, ‘కొత్తపేట, గన్నవరం, రాజోలు’ అని తలుపు మీద కొడుతూ కండక్టరు. ఆ గోలలో కూర్చున్న మనిషికి తను ఎక్కాల్సిన బస్సు కేక వినపడలేదంటే ఆ పేజీలో ఏదో జరుగుతోందన్న మాట. అదేమిటో చెప్పకుండా ‘కథనం ఆసక్తికరంగా సాగింది’ అని రాసి ఊరుకున్నావు. బస్సు పోగొట్టుకున్న దానివి, ఆ మాత్రం చెప్పే హక్కు నీకు లేదా?

నాకో పిచ్చి ఉంది. మా ఊళ్లో అందరికీ తెలుసు, కొందరు దాన్ని చూసి తప్పుకుని పోతారు కూడా. ఎవరైనా ఫలానా పుస్తకం చదివానంటే బావుందా, బాలేదా అని అడగను. ఎక్కడ ఆగావు అని అడుగుతాను. చదువుతూ చదువుతూ ఎక్కడో ఒకచోట ఆగుతాం కదా, వేలు పేజీలో పెట్టి గోడకేసి చూస్తాం, లేచి వెళ్లి మంచినీళ్లు తాగొస్తాం, పక్కవాళ్లను లేపి ‘ఇది విను’ అంటాం. ఆ చోటు చెప్పగలిగితే నువ్వు చదివిన పుస్తకం నాకు చూపించినట్టే. చెప్పలేకపోతే అట్ట చూపించినట్టు.

నీ పద్నాలుగో పుస్తకం శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కథలు, అందులోనూ ‘వడ్లగింజలు’ అన్నావు కాబట్టే ఇంత గొడవ. నేను ఆగిన చోటు చెబుతాను. పెద్దాపురం రాజుగారితో చదరంగమాడిన శంకరప్ప, మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, అలా రెట్టిస్తూ అరవై నాలుగు గళ్లకూ వడ్లగింజలు అడుగుతాడు చూడు, అక్కడ. నేనప్పుడు తొమ్మిదో క్లాసు. పుస్తకం మా నాన్నది, రాజమండ్రిలో పాత పుస్తకాలవాడి దగ్గర కొన్నది. పైకి చదువుతున్నాడాయన, మేం వింటున్నాం. ఆ ముక్క దగ్గర ఆగి, పుస్తకం ఒళ్లో బోర్లించి, ‘ఒరే, గాదెలోంచి గుప్పెడు వడ్లు పట్రా’ అన్నాడు.

చాటలో పోసి నేనూ మా చెల్లీ లెక్కపెట్టాం. నాన్న గుప్పెడు అది, పన్నెండు వందల యాభై గింజలొచ్చాయి. బస్తాకు ఎంత లేదన్నా మూడు వేల గుప్పెళ్లుంటాయని ఆయన అంచనా. అంటే బస్తాకు ముప్పై ఏడున్నర లక్షల గింజలు. పుస్తకం చివరి తెల్లకాగితం మీద పెన్సిలుతో రెట్టిస్తూ పోయాడు. పదకొండో గడికి 1,024, అంటే ఇంకా గుప్పెడు నిండలేదు, మా చెల్లి నవ్వింది, ‘ఈ మాత్రానికా’ అని. ఇరవై మూడో గడికి 41,94,304. బస్తా దాటింది. ముప్పై మూడో గడికి పదకొండు వందల బస్తాలు పైమాటే, మా వీధి వాళ్ల కళ్లాలన్నీ ఊడ్చేసినా చాలవు. నలభయ్యో గడికి లక్షన్నర బస్తాల దగ్గర పడేసరికి నాన్న పెన్సిలు కింద పెట్టి ‘ఇక చాల్లే, శిస్తు కట్టలేం’ అన్నాడు. తర్వాత కాలేజీలో ఎవరో చెప్పారు, అరవై నాలుగూ కలిపితే 1,84,467 కోటి కోట్ల గింజల పైన అని. ఆ అంకె నాకు ఏమీ అనిపించలేదు. ఇరవై మూడో గడే నాకు గుర్తు, ఎందుకంటే అక్కడ బస్తా మోసే మా నాన్న ఒక్క క్షణం తల పైకెత్తి చూశాడు.

ఇదంతా తర్వాతెప్పుడో ఒక వారపత్రికకు రాశాను. ‘నేను చదివిన పుస్తకం’ అని నెలకొకటి అడిగేవారు, ముప్పై రూపాయలు మనియార్డరు వచ్చేది. ఆ సంపాదకుడి పేరు రాయను, పోయాడు పాపం. గుప్పెడు వడ్ల సంగతి మొత్తం ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన ‘పిట్టకథ, అనవసరం’ అని రాసి తిరగ్గొట్టాడు. వస్తువు ఒక పేరా, శిల్పం ఒక పేరా, సందేశం ఒక పేరా కావాలట. వడ్లగింజల్లో సందేశం ఏమిటి నా మొహం! అయినా రాసిచ్చాను. ముప్పై రూపాయలు అప్పట్లో తక్కువేం కాదు, ఇంట్లో పసిపిల్ల. ఆ ఎర్ర సిరా కాగితం మాత్రం ఇప్పటికీ నా దగ్గరుంది. ఇప్పటివాళ్లు సంపాదకుల బాధ లేకుండా ఎవరికి వారే రాసుకుంటున్నారు కదా, సంతోషించాలి, కానీ వాళ్ల నెత్తిన ఇంకెవరో కూర్చున్నారు. కాఫీ కప్పు పక్కన పుస్తకం పెట్టి ఫొటో. ఏడాదికి వంద పుస్తకాలని పందెం. డిసెంబరు రాగానే టాప్ టెన్. ఆ పందెంలో బస్సు ఎందుకు పోతుందీ, బస్సులో కూర్చునే పేజీలు తిప్పేస్తారు.

మరీ నీ మీదే పడుతున్నాననుకోకు, నా పరువు పోయిన సంగతి కూడా వినిపిస్తాను. అదే శీర్షికకు ఒకసారి ఒక నవల మీద రాయాల్సి వచ్చింది. గడువు దగ్గర పడింది, రెండు రాత్రుల్లో పేజీలు తిప్పేసి రాసి పంపాను. అందులో గొప్ప మాటొకటి వాడాను, కథ మధ్యలో రచయిత పాటించిన ‘సాహసోపేతమైన మౌనం’ అని. కథానాయిక ఒక పేజీలో పెళ్లిచూపులకు కూర్చుంటుంది, పేజీ తిప్పేసరికి పురిటికి వచ్చి ఉంటుంది, మధ్య సంగతులేవీ చెప్పకుండా వదిలేశాడు చూశారా, ఎంత శిల్పం అని అర పేజీ దంచాను. అచ్చయిన పది రోజులకు రచయిత దగ్గర్నుంచి కార్డు. ‘అయ్యా, తమరి ప్రతిలో 97వ పేజీ నుంచి 112 దాకా ఉన్నవా?’

లేవు. ఒక ఫారం, పదహారు పేజీలకు పదహారు పేజీలు, బైండింగులో ఎగిరిపోయింది. చదివేటప్పుడు నాకు తెలియలేదు. తెలియకపోవడానికి కారణం నేను ఎక్కడా ఆగకపోవడం, ఒక్కచోట ఆగి పేజీ నంబరు చూసినా దొరికిపోయేది. సంపాదకుడు మాత్రం ఆ ‘మౌనం’ మీద ఎర్ర సిరా పెట్టలేదు, అది ఆయనకు చాలా నచ్చింది.

‘మీరు ఈ మధ్య ఏం చదువుతున్నారు’ అని అడిగావు. పాతవే. శుక్లాల ఆపరేషన్ అయ్యాక కొత్తవి తగ్గించాను. ప్రస్తుతం చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి స్వీయచరిత్ర మళ్లీ చదువుతున్నాను, రోజుకు నాలుగైదు పేజీలు. ఆయనకు చిన్నప్పటి నుంచి రేచీకటి, తర్వాత చూపు పూర్తిగా పోయింది. ఎవరో చదివి పెడితే వినడం, చెబుతుంటే ఎవరో రాయడం. నేను ఆగుతున్నది పుస్తకంలో రాసిన చోట కంటే, ఆ రాసిన కుర్రాళ్ల దగ్గర. ‘ఆగు, ఆ వాక్యం మళ్లీ చదువు’ అని ఆయన ఎన్నిసార్లు అని ఉంటారో, ఆ కుర్రాడు ఎన్నిసార్లు లోపల విసుక్కుని ఉంటాడో అని. కళ్లున్న మనకు ‘ఆగు’ అనేవాళ్లు లేరు.

ఇంకోటి గుర్తొచ్చింది, మన గోదావరి సంగతి కాదు, పక్కన కృష్ణ వాళ్లది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. నిదానంగా పోయే పడవ, లాకుల దగ్గర ఆగుతుంది, రేవుల్లో ఆగుతుంది, ఎక్కినవాళ్లు చదువుకుంటారు. నాకెప్పుడూ ఒకటే సందేహం, పుస్తకం సగంలో ఉండగా తన రేవు వస్తే ఆ మనిషి దిగేవాడా, పై రేవు దాకా పోయి గట్టు వెంట నడిచి వెనక్కి వచ్చేవాడా? వాళ్లలో ఒక్కడైనా నీలాగా బ్రాకెట్లో రాసి పెట్టి ఉంటే ఎంత బావుండేది.

సరే, నీ ప్రశ్నలు. పీడీఎఫ్‌లో చదివితే చదివినట్టేనా అన్నావు. నేనే ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతున్నాను, నన్నడిగితే ఏం చెప్పను, చదివినట్టే. తోటి పాఠకులకు కథ మొత్తం చెప్పేయొచ్చా అంటే, చెప్పినా చెప్పకపోయినా పెద్ద తేడా లేదు, ‘గాలివాన’లో వాన కురుస్తుందని చెబితే పద్మరాజు గారికి పోయేదేముంది. ఏ పత్రికకు పంపాలన్నది నన్ను అడక్కు, నా సంగతి పైన చదివావు కదా.

పుస్తకాలు ఎలా దాచుకోవాలో కూడా అడిగావు, అది మాత్రం నేర్చుకునే వచ్చింది నాకు. 1996 నవంబరు 6న తుఫానుకు మా ఇంటి పెంకులు లేచిపోయాయి. తెల్లారి చూస్తే దొడ్లో పదకొండు కొబ్బరి చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి, లోపల పుస్తకాల పెట్టె నిండా నీళ్లు. తొందరపడి కొన్ని ఎండలో పరిచాను, అవి వడియాల్లా వంకరపోయి బిగుసుకున్నాయి. తర్వాత మా బైండింగు ఆయన వచ్చి తిట్టి, మిగతావన్నీ నీడలో నులక మంచం మీద పెట్టించి, పేజీకీ పేజీకీ మధ్య పాత పేపరు దూర్పించాడు. అతుక్కుపోయిన పేజీలు వేళ్లతో లాగితే చిరుగుతాయి. కొబ్బరి ఈనె సన్నగా గీకి, మూలలోంచి లోపలికి పోనిచ్చి, గాలాడిస్తూ కొద్దికొద్దిగా విడదీయాలి. పూటకు ఇరవై పేజీలు వస్తే గొప్ప. ఆయనే తర్వాత మైదా జిగురులో మైలుతుత్తం కలిపి మళ్లీ అట్టలు వేసిచ్చాడు, ఇప్పటికీ పురుగు పట్టలేదు. కలరా ఉండల కంటే అదే మేలు.

ఆ విధంగా నెల రోజులు నేను పుస్తకాలు చదివింది ఈనెతోనే. ఏ పేజీ ఊడివస్తే ఆ పేజీ. శ్రీపాద వారి పుస్తకం మొదటి పేజీలో మా నాన్న సిరాతో చేసిన సంతకం కరిగి నీలం మరక అయిపోయింది. చివరి పేజీ భయపడుతూ విప్పాను. పెన్సిలుకు నీళ్లు ఏమీ చేయలేదు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, కింద దాకా వరసగా ఉన్నాయి. ఇరవై మూడో అంకె చుట్టూ సున్నా చుట్టి ఉంది, ఆయన అది చుట్టిన సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

వచ్చే నెల అమలాపురం వైపు వస్తానన్నావు. రా, చూపిస్తాను. ఇంటికి పట్టుకెళ్లి చదివిస్తానంటే మాత్రం కుదరదు, ఇలా ‘రెండు రోజుల్లో తెచ్చిస్తా’నని పట్టుకెళ్లిన ఒక పెద్దమనిషి ఇరవై రెండేళ్లుగా నాకు పెళ్లిళ్లలో ఎదురుపడి నమస్కారం పెడుతున్నాడు.

ఈలోగా ఆ ఇరవై మూడు పేరాలు పక్కన పెట్టి, పద్నాలుగోది ఒక్కటి మళ్లీ రాసి పంపు. చుక్కలు వద్దు. పేజీ నంబరు వెయ్యి.

ఆశీస్సులతో,
మీ బాబాయి వయసువాడు

తా.క. ఇంతకీ తర్వాతి రాజోలు బస్సు ఎన్నింటికి దొరికింది? లేక అదీ వెళ్లిపోయిందా?