గుండె కండరంపై పరిశోధన: ఎలుకలతో పనే, కానీ ఏ పని?

ప్రశ్న: మా అమ్మాయి బీఫార్మసీ చివరి ఏడాదిలో ఉంది. ఎంఫార్మసీలో ఫార్మకాలజీ తీసుకుని, గుండె కండరం మందమయ్యే జబ్బుపై పరిశోధన చేస్తానంటోంది. కనుక్కుంటే రోజంతా ఎలుకలతో పనట. చదివాక ఉద్యోగం వస్తుందా, ఏళ్ల తరబడి ల్యాబ్‌లోనే ఉండిపోతుందా అని ఇంట్లో టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, నల్గొండ

జవాబు: ఎలుకలతో పనే, అందులో దాచేదేమీ లేదు. అయితే ఆ పని ఏ స్థాయిలో నేర్చుకుంటుందన్న దాన్ని బట్టే ఉద్యోగం.

చాలా ఫార్మసీ కాలేజీల్లో జరిగేది ఇదీ: ఎలుకకు కొన్ని రోజులు వరుసగా, గుండె వేగం పెంచే ఐసోప్రొటెరినాల్ మందు ఇంజక్షన్ ఇస్తారు. గుండె బరువు పెరుగుతుంది. ఏదో మొక్క సారం ఇచ్చి, తగ్గిందని చూపిస్తారు. థీసిస్ అయిపోతుంది. కానీ డోసు పెరిగితే ఐసోప్రొటెరినాల్ గుండె కండర కణాలనే చంపేస్తుంది. బీపీ వల్ల ఏళ్ల తరబడి మెల్లగా మందమైన మనిషి గుండెకూ దీనికీ పోలిక అంతంతమాత్రమే. ఈ తేడా చెప్పలేని అభ్యర్థి ఇంటర్వ్యూలో అక్కడే దొరికిపోతారు.

గిరాకీ ఉన్నది చెయ్యి తిరిగినవాళ్లకి. బృహద్ధమనిని ఇరుకు చేసే టాక్ అనే సర్జరీ సంగతే చూడండి. మత్తిచ్చిన చిట్టెలుక ఛాతీ తెరిచి, బృహద్ధమనికి 27 గేజ్ సూదిని ఆనించి, రెండింటినీ కలిపి పట్టుదారంతో ముడేసి, సూదిని లాగేస్తారు. ఇక రక్తానికి మిగిలే దారి ఆ సూది మందమే, సుమారు 0.4 మిల్లీమీటర్లు. ఆ ఒత్తిడికి కొన్ని వారాల్లోనే గుండె గోడ మందమవుతుంది. ముడి బిగుసుకుంటే ఎలుక బతకదు, వదులైతే ఏమీ జరగదు. తర్వాత నిమిషానికి 500–600 సార్లు కొట్టుకునే ఆ గుండెను ఎకోలో చూసి గోడ కొలవాలి. చివర్లో గుండెను తూచి, ఆ బరువును కాలి ఎముక పొడవుతో పోల్చి చూస్తారు. జబ్బుపడ్డ ఎలుక ఒళ్లు తగ్గిపోతుంది కాబట్టి ఒంటి బరువును నమ్మలేం.

ఏ ప్రశ్నకు ఏ జంతువు అన్నది కూడా తెలియాలి. బీపీ గురించైతే 1963లో జపాన్‌లోని క్యోటోలో తయారైన, తమంతట తామే బీపీ పెరిగే ఎస్‌హెచ్ఆర్ జాతి ఎలుకలున్నాయి. వంశపారంపర్యంగా గుండె కండరం మందమయ్యే జబ్బు మేన్ కూన్ జాతి పిల్లుల్లో సహజంగానే కనిపిస్తుంది, దానికి కారణం మైబీపీసీ3 జన్యువులో లోపం. అదే జన్యువులో మరో లోపం దక్షిణాసియా వాళ్లలో దాదాపు 4 శాతం మందికి ఉందని 2009లో బయటపెట్టిన బృందంలో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలున్నారు. అంటే సబ్జెక్టు మనకు దూరమైనదేమీ కాదు. ఇదంతా పేపర్లకే పరిమితమా అంటే, కాదు. మవాకాంటెన్ అనే మందు ఈ జబ్బు జన్యులోపమున్న చిట్టెలుకల్లో గుండె మందం కాకుండా ఆపిందని 2016లో తేలింది. 2022లో అమెరికాలో దాన్ని రోగులకు ఇచ్చేందుకు అనుమతి వచ్చింది.

ఒక మాట మీ అమ్మాయితో ముందే మాట్లాడండి. ప్రయోగం చివర జంతువును చంపాలి, అదీ తన చేతులతోనే. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉన్నా మనసు ఒప్పుకోకపోతే ఈ దారి వద్దు. అలాగని గుండెపై పరిశోధన వదులుకోనక్కర్లేదు. మూలకణాల నుంచి పెంచిన గుండె కణాలతో చేసే పని పెరుగుతోంది. 2023లో మన కొత్త మందుల నిబంధనలు కూడా అలాంటి పద్ధతులకు చోటిచ్చాయి.

ఉద్యోగాలు హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని కాంట్రాక్ట్ రీసెర్చ్ (వేరే కంపెనీల కోసం పరిశోధన చేసిపెట్టే) కంపెనీల్లో, మందుల కంపెనీల ప్రీక్లినికల్ (మనుషుల కంటే ముందు జంతువులపై పరీక్షించే) విభాగాల్లో ఉంటాయి. పీహెచ్‌డీ లేకుండానూ చేరొచ్చు, కాకపోతే పైకి ఎదగాలంటే అది అవసరమవుతుంది. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ అదనం.

సీటు తీసుకునే ముందు కాలేజీకి వెళ్లి రెండు సంగతులు అడగండి: జంతుశాలకు సీసీఎస్ఈఏ (జంతువులపై ప్రయోగాలను పర్యవేక్షించే ప్రభుత్వ కమిటీ) రిజిస్ట్రేషన్ ఉందా, ఎలుకల గుండెకు ఎకో తీసే యంత్రం ఉందా. రెండోది లేదంటే, ఎంఫార్మసీ ప్రవేశాలకు జరిగే జీప్యాట్ పరీక్ష రాసి, హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ ఫార్మసీ విద్యాసంస్థ నైపర్ లాంటి చోట ప్రయత్నించమనండి.