మోర్వాన్‌లో గ్రావెల్ రూటు కాలిబాటల్లోకి పోతుంటే

ఫ్రాన్స్‌లోని మోర్వాన్ కొండల్లో యాప్ గీసిన గ్రావెల్ (మట్టి, కంకర దారుల) సైకిల్ రూటు కాలిబాటల్లోకి పోతోందని, టైర్లు మార్చాలా అని అడిగారు. ఆ రూటు చాలావరకు జీఆర్ 13 మీదుగా గీసి ఉంటుంది. అది నడిచేవాళ్ల బాట. చెట్ల మీద ఎరుపు, తెలుపు గీతలు కనిపించాయంటే అదే. సెట్టాన్ సరస్సు వైపు 10 కి.మీ.కి రెండు గంటలు సైకిల్ తోసుకుంటూ పోయానన్నారు కదా, తప్పు మీ 40 ఎంఎం టైర్లది కాదు. టైర్లు మార్చకండి.

1. అదే రూటును ఐజీఎన్ (ఫ్రాన్స్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) 1:25,000 మ్యాప్ మీద పెట్టండి.

2. బాగా జూమ్ చేసి గీతలు చూడండి. అందరూ వదిలేసేది ఇదే. సన్నటి నల్ల గీత తెగకుండా సాగితే పొలం పనులకూ అడవి పనులకూ బండ్లు తిరిగే దారి, హాయిగా తొక్కొచ్చు. గీత ముక్కలు ముక్కలుగా ఉంటే కాలిబాట. మోర్వాన్‌లో కాలిబాటంటే ఆకుల కింద తడి గ్రానైటు రాళ్లు, హ్యాండిల్‌కి చుట్టుకునే ముళ్లతీగలు.

3. ముక్కల గీత వచ్చిన చోటల్లా రూటును పక్కనున్న చిన్న 'డి' రోడ్డు (జిల్లా స్థాయి తారు రోడ్డు) మీదికి లాగండి. అక్కడ బండ్లు తక్కువే.

అక్టోబరులో వెళ్తానన్నారు కాబట్టి ఒక మాట: 'షాస్ ఆన్ కూర్' బోర్డు ఉంటే అక్కడ వేట జరుగుతోందని. ఆ అడవిలోకి వెళ్లకండి, వెనక్కి తిరగండి.