బిల్ మార్ మంచోడా, చెడ్డోడా? ముందు ఎదురు కుర్చీ చూడండి

ప్రశ్న: బాబూ, మాది మలక్‌పేట. లెక్చరర్‌గా రిటైరయ్యాను. అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. వాడి దగ్గరికి వెళ్లినప్పుడల్లా శుక్రవారం రాత్రి ఇద్దరం కూర్చుని అమెరికా కమెడియన్ బిల్ మార్ టీవీ షో చూసేవాళ్లం. సగం నాకే అర్థమయ్యేది, మిగతా సగం వాడు చెప్పేవాడు. ఇప్పుడు ఆ పేరెత్తితేనే వాడు మండిపడుతున్నాడు. ట్రంప్‌తో భోజనం చేసొచ్చి పొగిడాడట, అమ్ముడుపోయాడంటాడు. ఇక్కడ మా తమ్ముడి కొడుకేమో దేవుణ్ణి వెక్కిరించేవాడి మాటలు మీకెందుకు పెదనాన్నా అంటాడు. నాకు మాత్రం ఆయన ముక్కుసూటితనం నచ్చుతుంది. ఆదివారం వాట్సాప్ కాల్ అంటే ముగ్గురికీ ఇదే గొడవ. ఇంతకీ ఆయన మంచివాడా, చెడ్డవాడా?
(ఒక పాఠకుడు, మలక్‌పేట)

జవాబు: సార్, నా మాట ముందే చెప్పేస్తాను. ఆ షో ఉండాలి. ఆయన చెప్పిందల్లా ఒప్పుకుని ఈ మాట అనడం లేదు, ఆయన మాటల్లో సగం నాకు మింగుడుపడవు. కానీ మంచోడా చెడ్డోడా అని మనిషిని తూచుకుంటూ కూర్చుంటే మీ ఇంట్లో గొడవ ఎన్నేళ్లయినా తెగదు. నేను చూసేది ఒక్కటే. ఆయన ఒకరిని అన్నప్పుడు ఆ ఒకరు ఎదురు కుర్చీలో ఉన్నారా, తిరిగి అనగలుగుతున్నారా? ఉన్న రోజు ఆ షోకి సాటి లేదు. లేని రోజు నోటి దురుసు తప్ప ఏమీ మిగలదు.

ఆయన ఎవరో తెలియని పాఠకుల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. 1993లో కామెడీ సెంట్రల్ అనే కేబుల్ ఛానెల్‌లో 'పొలిటికల్లీ ఇన్‌కరెక్ట్' అనే షోతో ఆయన పేరు మోగింది. ఒకరికొకరు పొసగని నలుగురిని కూర్చోబెట్టి రాజకీయాలు మాట్లాడించడం, మధ్యమధ్యలో నవ్వించడం, అదీ షో. 1997లో అది ఏబీసీకి మారింది. 2001 సెప్టెంబర్ 11 దాడులు జరిగిన ఆరు రోజులకు, అంటే 17న, విమానాలు గుద్దించినవాళ్లను పిరికివాళ్లు అనడం సరికాదని ఒక అతిథి అంటే ఈయన అవునన్నాడు, అక్కడితో ఆగకుండా రెండు వేల మైళ్ల దూరం నుంచి క్షిపణులు వేసే మనమే పిరికివాళ్లం అన్నాడు. దేశమంతా ఏడుస్తున్న వారం అది. ఫెడెక్స్, సియర్స్ కంపెనీలు ప్రకటనలు ఆపేశాయి, కొన్ని ఊళ్లలో స్థానిక స్టేషన్లు షో వేయడమే మానేశాయి, వైట్‌హౌస్ తరఫున మాట్లాడే ఆరీ ఫ్లైషర్ అయితే అమెరికన్లందరూ నోరు జాగ్రత్తగా పెట్టుకోవాలన్న అర్థంలో మాట్లాడాడు. నేను సైనికులను అనలేదు అని ఈయన క్షమాపణ చెప్పుకున్నా లాభం లేకపోయింది. 2002 జూన్‌లో షో పోయింది.

ఇందులో డబ్బు ఎటు నుంచి వస్తుందన్నది చూడాలి సార్. ఏబీసీ ప్రకటనల మీద బతికే ఛానెల్, రెండు పెద్ద కంపెనీలు పక్కకు తప్పుకుంటే దానికి చెమటలు పడతాయి. హెచ్‌బీవో అలా కాదు, అది చందాదారులు నెలనెలా కట్టే డబ్బు మీద నడుస్తుంది. 2003 ఫిబ్రవరిలో ఆయన అక్కడ 'రియల్ టైమ్' మొదలుపెడితే ఇరవై ఏళ్లు దాటినా నడుస్తూనే ఉంది. అదే మనిషి, అదే నోరు. ఇంకో సంగతి, ఏబీసీలో ఆయన ఖాళీ చేసిన సమయంలోకి 2003 జనవరిలో వచ్చినవాడు కమెడియన్ జిమ్మీ కిమ్మెల్. ట్రంప్‌ను సమర్థించే యువ నాయకుడు చార్లీ కర్క్ హత్య తర్వాత అన్న మాటల మీద గొడవై కిమ్మెల్ షోను కూడా అదే ఏబీసీ 2025లో ఆపింది, తేదీ సరిగ్గా సెప్టెంబర్ 17. కాకపోతే ఈసారి జనం గట్టిగా తిరగబడ్డారు, వారం తిరక్కుండానే మళ్లీ మొదలైంది.

మీ అబ్బాయి మాటకు వస్తాను. అమ్ముడుపోయాడన్నది నేను ఒప్పుకోను. 2012లో ఒబామాకు మద్దతుగా పనిచేసే కమిటీకి సొంత డబ్బు పది లక్షల డాలర్లు ఇచ్చిన మనిషి ఆయన. 2013లో ట్రంప్ ఆయన మీద యాభై లక్షల డాలర్లకు దావా వేసి, తర్వాత తనే వెనక్కి తీసుకున్నాడు. ఇన్నేళ్ల వైరం ఉన్నవాళ్లు 2025 మార్చి 31న వైట్‌హౌస్‌లో కలిసి భోజనం చేశారు, గాయకుడు కిడ్ రాక్ కుదిర్చాడు. ట్రంప్ తనను తిట్టిన తిట్లన్నీ కాగితం మీద అచ్చు వేయించుకుని వెళ్లి, దాని మీద ట్రంప్ చేతే సంతకం పెట్టించుకున్నాడు. అంతవరకు నాకు నచ్చింది. శత్రువుతో ఒక పూట అన్నం తినడం తప్పని నేను అనను, మన ఊళ్లలో పంచాయతీలు తెగేది అలాగే కదా.

కానీ పదకొండు రోజుల తర్వాత తన షోలో ఆ భోజనం గురించి చెప్పినప్పుడు, లోపల చూస్తే ట్రంప్ ఎంతో మర్యాదగా, నవ్వుతూ ఉన్నాడని చాలాసేపు ఒక్కడే మాట్లాడాడు. మీ అబ్బాయికి మండింది అందుకే. ఆ మర్యాద నాకు దక్కలేదు అని చెప్పగలిగినవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు, వీసా భయంతో నిద్రపట్టనివాళ్లు ఎవరూ అప్పుడు ఎదురు కుర్చీలో లేరు. అధికారంలో ఉన్నవాడు ఇంటికొచ్చిన అతిథికి మంచిగా కనబడటం వార్త ఎలా అవుతుంది? ఆ ఒక్క రాత్రి ఆయన తన పని మర్చిపోయాడని నాకు గట్టిగా అనిపించింది. న్యూజెర్సీలో కూర్చున్న మీ అబ్బాయికి ఇది ఇంటి విషయం సార్, మనకిక్కడ టీవీ విషయం. వాడి కోపాన్ని తేలిగ్గా తీసేయకండి.

ఇక ఆయన గొప్పతనం ఎక్కడుందో కూడా చెప్పాలి. 2015 జూన్‌లో, ట్రంప్ పోటీకి దిగిన ఆ వారమే, ఆన్ కూల్టర్ అనే రిపబ్లికన్ వైపు రచయిత్రి ఆ బల్ల దగ్గర కూర్చుని, ఉన్న అభ్యర్థుల్లో గెలిచే అవకాశం ఎక్కువ ఉన్నది ట్రంప్‌కే అంది. హాలంతా నవ్వింది. ఆవిడ మాటలు నాకు ఎప్పుడూ పడవు, కానీ ఆ రోజు నవ్వినవాళ్లకు తెలియనిది ఆవిడకు తెలిసింది. మనకు గిట్టనివాళ్లను పిలిచి కూర్చోబెట్టే షో లేకపోతే ఆ మాట ఆ రోజు ఆ హాల్లో వినిపించేదే కాదు. 2017 జూన్‌లో ఒక సెనేటర్‌తో మాట్లాడుతూ నల్లజాతివాళ్లను అవమానించే మాట ఒకటి నోరు జారాడు, అది జోకుగా కూడా అనకూడని మాట. మర్నాడే క్షమాపణ చెప్పాడు. అది అందరూ చేసేదే. అయితే తర్వాతి వారం ప్రొఫెసర్ మైఖేల్ ఎరిక్ డైసన్‌ను, ర్యాపర్ ఐస్ క్యూబ్‌ను పిలిచి, ఆ మాట మాది, నీకు దాని మీద హక్కు లేదు అని ఐస్ క్యూబ్ మొహం మీదే అంటుంటే తలవంచుకుని విన్నాడు. మన దగ్గర ఏ యాంకరైనా అలా తన షోలో తనే దోషిగా కూర్చోవడం నేనైతే చూడలేదు.

మీ తమ్ముడి కొడుకు బాధ వేరు. 2008లో మతాలన్నిటినీ వెక్కిరిస్తూ ఆయన ఒక డాక్యుమెంటరీ కూడా చేశాడు, అది చూస్తే భక్తి ఉన్నవాళ్లకు గుచ్చుకుంటుంది. వేమన కూడా మన పూజలను, మడులను తక్కువ అనలేదు, కానీ తనవాళ్ల మధ్య తిరుగుతూ, వాళ్ల భాషలో, వాళ్ల ఎదుటే అన్నాడు. ఈయన నమ్మేవాళ్లను చాలాసార్లు తెలివితక్కువవాళ్లుగా చూస్తాడు. అది నాకూ నచ్చదు. పిల్లవాడికి చూడాలని లేకపోతే వదిలేయండి.

ప్రశ్న: అన్నా, నేను టోలిచౌకి నుంచి రాస్తున్న. ఇంజనీరింగ్ ఫైనలియర్. బిల్ మార్ క్లిప్పులు యూట్యూబ్‌లో వస్తుంటయి. మా మతం గురించి ఆయన మాట్లాడితే కడుపు మండుతది. మా ఫ్రెండ్స్ జోక్‌ని జోక్‌లా తీసుకోరా అంటరు. తీసుకోవాల్నా?
(ఒక పాఠకుడు, టోలిచౌకి)

జవాబు: అవసరం లేదు తమ్ముడూ. నీ కోపం న్యాయమైనదే.

2014 అక్టోబర్‌లో వచ్చిన ఒక చర్చ ఉంటుంది, బాగా తిరిగిన క్లిప్పు, నువ్వూ చూసే ఉంటావు. బిల్ మార్, రచయిత శామ్ హారిస్ కలిసి ఇస్లాంను తప్పుపడుతుంటే నటుడు బెన్ అఫ్లెక్ అడ్డుపడి, మీరు మాట్లాడేది జాత్యహంకారం అని గట్టిగా అన్నాడు. బల్ల చుట్టూ ఇంకెవరున్నారో గుర్తు తెచ్చుకో. జర్నలిస్టు నికొలస్ క్రిస్టాఫ్, రిపబ్లికన్ నాయకుడు మైఖేల్ స్టీల్. కోట్లాది ముస్లింల గురించి అంత వేడి చర్చ, బల్ల దగ్గర ఒక్క ముస్లిం లేడు. అఫ్లెక్ మంచి మనసుతోనే మాట్లాడాడు, కానీ నీ ఇంటి సంగతి నీ తరఫున ఇంకొకరు చెప్పాల్సి రావడమే అసలు లోపం.

ఆ నెలలోనే బర్క్‌లీ యూనివర్సిటీ విద్యార్థులు కొందరు ఆయన్ని స్నాతకోత్సవానికి పిలవొద్దని పిటిషన్ పెట్టారు. యూనివర్సిటీ ఒప్పుకోలేదు, డిసెంబర్‌లో ఆయన వెళ్లి మాట్లాడాడు. రూలా జెబ్రియల్ అనే పాలస్తీనా మూలాలున్న జర్నలిస్టు మాత్రం నేరుగా ఆయన షోకే వెళ్లి ముఖాముఖి నిలదీసింది. ఆ చర్చలో ఆయన తడబడ్డాడు, మధ్యలో చిరాకుపడ్డాడు కూడా. బర్క్‌లీ పిల్లల కంటే ఆవిడ చేసిందే నాకు నచ్చింది. నీకు ఇంగ్లిష్ వచ్చు, కోపమూ ఉంది. ఆ అఫ్లెక్ క్లిప్పు చూసి ఎక్కడ తప్పుందో ఒక వీడియో చేసి పెట్టు, మన పాతబస్తీ గల్లీల నుంచి, మీ అమ్మ, మీ చెల్లి ఎలా బతుకుతున్నారో చూపించి. ఫ్రెండ్స్ ముందు నవ్వినట్టు నటించకు.

ప్రశ్న: అన్నా, మన తెలుగులో ఇలాంటి షో ఎందుకు రాదు? మనవాళ్లకు జోకులు చేతకాకనా?
(ఒక పాఠకురాలు, ఉప్పల్)

జవాబు: చేతకాకపోవడమేంటి చెల్లీ! చిన్నప్పుడు మా ఊరికి పిట్టల దొర వచ్చేవాడు, తుపాకి రాముడు అని కూడా అంటాం. ఖాకీ బట్టలు, టోపీ, చేతిలో చెక్క తుపాకి, ఊరి పెద్దల ముందే నిలబడి కోతలు కోస్తుంటే ఆ కోతల్లో ఎవరి బండారం ఎక్కడ బయటపడుతుందో అని పెద్దమనుషులు కూడా నవ్వుతూనే భయపడేవాళ్లు. వీ6లో తీన్మార్ వార్తలు మన తెలంగాణ యాసలోనే నాయకులను ఆటపట్టించి ఇంటింటికీ చేరాయి. జోకు మనకు కొత్త కాదు.

లేనిది ఆ బల్ల. నన్ను ఒకసారి ఒక ఛానెల్ చర్చకు పిలిచారు, పేరు వద్దు. గంటలో నేను మాట్లాడింది ఒకటిన్నర నిమిషం, అందులోనూ సగం నా మైకు కట్. ఎదుటివాడిది కూడా కట్ చేశారు, అది వేరే విషయం. అరుపులు తప్ప ఒక్క జవాబు ఎవరూ పూర్తిగా చెప్పలేదు. ఇంటికొచ్చి నీళ్లు తాగుతుంటే మా ఆవిడ అడిగింది, ఇంతకీ చర్చ దేని గురించి అని.

పైగా భయం ఉంది. స్టాండప్ కమెడియన్ మునావర్ ఫారూఖీని 2021 జనవరి 1న ఇండోర్‌లో అరెస్టు చేశారు, సుప్రీంకోర్టు బెయిలిచ్చేసరికి నెల దాటింది. 2022 ఆగస్టు 20న మన మాదాపూర్ శిల్పకళా వేదికలో ఆయన షో పెడితే అడ్డుకుంటామని బెదిరింపులు వచ్చాయి, పోలీసు బందోబస్తు మధ్య జరిపారు. జోకు వినడానికి అంత పహరానా? దేవుళ్ల మీద ఆయన జోకులు చాలామందిని బాధపెట్టాయి, ఆ బాధ నిజమే, నేను కాదనను. బాధపడ్డవాళ్లలో మాట తీరు ఉన్న ఒకరిని, ఆయన్ని ఒకే స్టేజీ మీద కూర్చోబెట్టి, మైకులు కట్ చేయకుండా రెండు గంటలు మాట్లాడించే ఛానెల్ ఒక్కటి ఉన్నా నేను డబ్బు కట్టి చూస్తాను. చందా కట్టి చూసే అలవాటు మనకూ రావాలి, లేకపోతే ప్రకటన ఇచ్చేవాడు, పార్టీవాడు చెప్పిందే యాంకర్ నోట వస్తుంది.

ప్రశ్న: బిల్ మార్ షో మొదటిసారి చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
(ఒక పాఠకుడు, చిక్కడపల్లి)

జవాబు: చివర్లో వచ్చే 'న్యూ రూల్స్' క్లిప్పులతో మాత్రం మొదలుపెట్టకండి. అందరూ పంచుకునేవి అవే, కానీ అక్కడ ఆయనొక్కడే మాట్లాడతాడు, జవాబిచ్చేవాళ్లు ఉండరు. 2019 సెప్టెంబర్‌లో లావుగా ఉన్నవాళ్లను సిగ్గుపడేలా చేయాలని అన్నది కూడా ఆ చివరి ముక్కలోనే, దానికి కమెడియన్ జేమ్స్ కార్డెన్ వేరే ఛానెల్‌లో తన షోలో జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి, మొత్తం కలిపి పావుగంట కూడా పట్టదు. తర్వాత 2017 జూన్ నాటి ఐస్ క్యూబ్ ఎపిసోడ్ చూడండి.