మాటల్లేని సింఫనీ విని జనం నిజంగా ఏడుస్తారా, లేక అదంతా బిల్డప్పా?

బిల్డప్ ఇచ్చేవాళ్ళూ ఉంటారండి, కాదనను. కానీ ఏడ్చేవాళ్ళు నిజంగానే ఏడుస్తారు. మీరు "పాటా లేదు మాటా లేదు, గంటసేపు వయొలిన్లు వింటే ఏడుపెలా వస్తుంది" అని అడిగారు కదా, నాకు జరిగింది చెప్తా. నేనైతే అక్కడ ఏడవలేదు, సిగ్గుతో చచ్చిపోయా.

నేను ఎంబీబీఎస్ చదివింది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. ఏలూరు ఎండల్లో పెరిగి అక్కడికెళ్ళి పడ్డా. రెండో ఏడాది జనవరిలో, మాకు రష్యన్ చెప్పే మేడం, అరవై దాటినావిడ, వాళ్ళ చెల్లెలికి జ్వరమొచ్చిందని రెండు టికెట్లు నా చేతిలో పెట్టి "చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ, వెళ్ళండి, బూట్లు శుభ్రంగా తుడుచుకుని మరీ వెళ్ళండి" అంది. నేనూ మా రూమ్మేటూ వెళ్ళాం. ఫిల్హార్మనీ గ్రాండ్ హాలు, తెల్లటి స్తంభాలు, ఎర్ర మెత్తల కుర్చీలు, పెద్ద పెద్ద షాండిలియర్లు. 1893 అక్టోబర్ 28న ఆ రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ స్వయంగా నిలబడి ఈ సింఫనీని మొదటిసారి వినిపించింది ఆ హాల్లోనే, ఆ తర్వాత తొమ్మిది రోజులకి మనిషే లేడు. ఊరంతా జర్మన్ల ముట్టడిలో ఆకలికి మలమల మాడిపోతుంటే 1942 ఆగస్టు 9న ఇంకో రష్యన్ స్వరకర్త షోస్టకోవిచ్ ఏడో సింఫనీ వాయించిందీ ఆ హాల్లోనే. ఇదంతా తర్వాత తెలిసింది. ఆ రోజుకి మాకు తెలిసిందల్లా లోపల వెచ్చగా ఉంటుందని.

అక్కడ కోటుతో హాల్లోకి రానివ్వరు. కింద గర్దెరోబ్ అని ఉంటుంది, కోటు తీసుకుని నంబర్ బిళ్ళ ఇస్తారు. ప్రోగ్రాం అవగానే అందరూ ఒక్కసారే దాని మీద పడతారు, మన గుళ్ళో ప్రసాదం దగ్గర తోపులాట ఉంటుంది చూడండి, అలాగ. మా హాస్టల్ గేటేమో పదకొండుకి మూసేస్తారు. కాబట్టి మా ప్లాన్ ఒకటే, చప్పట్లు మొదలవగానే పరుగు.

మొదటి భాగం అడుగునెక్కడో బసూన్ అనే పొడవాటి ఊదే వాద్యం మూలుగుతున్నట్టు మొదలైంది. కాసేపటికి ఒక తియ్యటి ట్యూన్ వచ్చి, అది చిక్కిపోయి చిక్కిపోయి ఇక వినపడదు అన్నంత సన్నబడింది. స్కోరులో, అంటే స్వరాలు రాసిన కాగితంలో, అక్కడ మెల్లగా అని చెప్పే పి అక్షరం ఆరుసార్లు రాసుంటుంది. మా రూమ్మేట్ తల నా భుజం మీదకి వాలింది. సరిగ్గా అప్పుడు ఆర్కెస్ట్రా మొత్తం ఒక్క దెబ్బ వేసింది, అది ఎగిరిపడి నా చెయ్యి రక్కేసింది. (ఇది ఫోన్‌లో వినేవాళ్ళకి ఒక మాట. వినపడట్లేదని ఇయర్‌ఫోన్స్‌లో వాల్యూమ్ పెంచుతారు, ఆ దెబ్బకి చెవులు పోతాయి, తర్వాత ఈఎన్‌టీ దగ్గరికొచ్చి కూర్చుంటారు.)

రెండో భాగం ఐదు బీట్లు. నేను సంగీతం వర్ణం దాకా నేర్చుకుని మానేసినదాన్ని, అయినా వేళ్ళు వాటంతటవే తొడ మీద తక తకిట, తక తకిట అని పడిపోతున్నాయి. మన ఖండచాపు తాళం! వాళ్ళు దీన్ని కుంటి వాల్ట్జ్ అంటారట, మూడు బీట్ల వాల్ట్జ్ డాన్స్‌కి అలవాటుపడిన కాళ్ళకి తడబడుతుందని. నాకైతే కుంటేమీ కనపడలేదు, చక్కగా నడుస్తోంది. పక్క సీటావిడ నా వేళ్ళ వంక ఒకసారి చూసి ఊరుకుంది.

ఇక మూడోది. మార్చ్. చిన్నగా గునగునా మొదలై పెరిగి పెరిగి చివరికి డ్రమ్ములు, తాళాలు, ఇత్తడి బూరలు, ఎన్నికల్లో గెలిచినవాడి ఊరేగింపే. ధన్ ధన్ మని ముగిసింది. అంత గట్టిగా ముగిశాక ఇంకేముంటుంది? నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టేశా, ఇంకా చాలామంది కొట్టారు లెండి, కానీ లేచింది నేనే. రూమ్మేట్‌ని లాగితే అది రాలేదు. నేను మాత్రం జనం మోకాళ్ళు దాటుకుంటూ పక్కనున్న స్తంభం దాకా వచ్చేశా. చూస్తే ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ ఇటు తిరగలేదు, చేతులు కూడా దించలేదు.

అక్కడ తలుపు దగ్గర కాపలా ఉండే ఒక ముసలావిడ టక్కున నా మణికట్టు పట్టుకుంది. నోటి మీద వేలు పెట్టింది. అప్పుడు మొదలైంది నాలుగో భాగం.

ఎలా చెప్పాలి... మంచి హుషారుగా, నవ్వుకుంటూ ఎవరింటికో వెళ్తాం, గుమ్మంలో అడుగు పెట్టాక తెలుస్తుంది ఆ ఇంట్లో మనిషి పోయారని. మొహం మీద ఆ నవ్వుని ఏం చేసుకోవాలో తెలీదు. అదండీ ఆ నాలుగో భాగం. గెలుపు తర్వాత ఏడుపు. దాని పేరే అడాజియో లమెంటోసో, అంటే నిదానంగా సాగే శోకం. నాకు ఆ రోజు ఏ బాధా లేదు, బయోకెమిస్ట్రీ పాసయ్యా, మధ్యాహ్నం అమ్మతో మాట్లాడా, ఇంట్లో అందరూ బాగున్నారు. అయినా గొంతులో ఏదో అడ్డం పడింది.

తర్వాత మేడం చెప్పింది అందులో కిటుకు. ఆ మొదట్లో మనకి వినిపించే దిగుడు ట్యూన్‌ని నిజానికి ఎవరూ వాయించట్లేదు. ఒక స్వరం మొదటి వయొలిన్లు, తర్వాతి స్వరం రెండో వయొలిన్లు, మళ్ళీ మొదటివి, ఇలా పంచి రాశాడు. ఎవరి కాగితం వాళ్ళు చూసుకుంటే అందులో ట్యూనే ఉండదు. ఆ రోజు రెండు గుంపులూ స్టేజీకి అటొకరు ఇటొకరు కూర్చున్నారు, అంటే ఆ ఏడుపు ఎవరి దగ్గరా లేదు, మధ్యలో గాల్లో ఉంది. అదే ట్యూన్ రెండోసారి వచ్చినప్పుడు మాత్రం మొదటి వయొలిన్లే పూర్తిగా వాయిస్తాయి. ఎందుకలా చేశాడో మేడం చెప్పలేదు, నేనైతే మొదట ఎవరి బాధో తెలీదు, తర్వాత మనదని తెలుస్తుంది అని చెప్పుకుంటా, తప్పనేవాళ్ళు అనండి.

చివర్లో పెద్ద కంచు పళ్ళెం మీద ఒకే ఒక్క దెబ్బ, అదీ మెల్లగా. దాని వెనక ట్రాంబోన్లు చావు కబురు చెప్పినట్టు నాలుగు ముక్కలు అన్నాయి. తర్వాత పెద్ద వయొలిన్ల లాంటి చెల్లోలు, డబుల్ బాస్‌లు, అలసిపోయిన గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుని ఆగిపోయాయి. ముసలావిడ ఇంకా నా మణికట్టు వదల్లేదు, నాడి చూస్తున్నట్టు పట్టుకునే ఉంది. హాల్లో చప్పుడు లేదు. ఎంతసేపో తెలీదు. కండక్టర్ భుజాలు దిగాక అప్పుడు వదిలింది.

గర్దెరోబ్ దగ్గర ఆ రోజు తోపులాట లేదు. మా రూమ్మేట్ లైన్లో నిలబడి ముక్కు ఎగబీలుస్తోంది. ఎందుకే అంటే "ఏమోనే" అంది. ఒంగోలు పిల్ల, జన్మలో సింఫనీ వినలేదు, దాన్ని చూసి స్టైల్ అంటే ఎలా?

అందుకే నా అభిప్రాయం, తెలీకుండా వినేవాళ్ళే సరిగ్గా వింటారు. మూడో భాగం తర్వాత కొట్టే చప్పట్లు కూడా ఆ సింఫనీలో భాగమే అంటాను నేను. మొత్తం అయ్యేదాకా చప్పట్లు కొట్టకూడదని అప్పుడు చేతులు ముడుచుకుని కూర్చుని మనల్ని పురుగుని చూసినట్టు చూసే పెద్దమనుషులు ఉంటారు, వాళ్ళు పరీక్షకి ముందే పేపర్ చూసుకున్నవాళ్ళు, ఆయన వేసిన ఉచ్చులో పడే భాగ్యం వాళ్ళకెక్కడిది. మన కచేరీల్లో మాత్రం? తని ఆవర్తనం, అదే మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం, మొదలవగానే క్యాంటీన్‌కి పోయేవాళ్ళు కూడా రసికులే, పక్కన చిన్నపిల్లాడు తప్పుతాళం వేస్తే గుడ్లురుముతారు.

ఇంకో విసుగు, చైకోవ్‌స్కీ చావు కథ. ఈ సింఫనీ పేరెత్తితే చాలు, అది సూసైడ్ నోట్ అంటారు, విషం తాగాడంటారు. గట్టి ఆధారం చూపించినవాడు లేడు. ఫిబ్రవరిలో మొదలెట్టి ఆగస్టుకల్లా పూర్తి చేశాడు, నా వాటిలో ఇదే గొప్పది అని మేనల్లుడికి సంబరంగా ఉత్తరం రాశాడు, ఆ మేనల్లుడికే అంకితమిచ్చాడు. పోయింది నవంబర్ 6న, కలరాతో అని అప్పటి డాక్టర్లు చెప్పారు, 53 ఏళ్ళు. ఒంట్లో నీరంతా పోయి చివరికి కిడ్నీలు ఆగిపోయాయి, ఇవాళైతే ఏ తాలూకా ఆసుపత్రిలోనైనా సెలైన్ ఎక్కించి ఇంటికి పంపేస్తాం. వాళ్ళమ్మ కూడా కలరాతోనే పోయింది, ఆయనకి పద్నాలుగేళ్ళప్పుడు. ఏడవాలంటే దీనికి ఏడవండి, లేని విషం సీసా ఎందుకు? పైగా ఈ సింఫనీకున్న పథెటిక్ అనే పేరు చూసి పాపం దీనుడు అనుకుంటారు, రష్యన్‌లో ఆ మాటకి ఉద్వేగం నిండినది అని అర్థం.

దీని ప్రత్యేకత ఏంటంటే, అంతకుముందు సింఫనీ అంటే మామూలుగా చివర్లో గెలవాలి, బీతోవెన్ ఐదోది చూడండి. ఈయన ఓడిపోయి ముగించాడు. తర్వాత ఆస్ట్రియా స్వరకర్త మాలర్ మూడో సింఫనీ, తొమ్మిదో సింఫనీ కూడా నిదానంగానే ముగుస్తాయి. 1892లో హాంబర్గ్‌లో కుర్ర మాలర్ ఈయన ఆపెరాని కండక్ట్ చేస్తుంటే చూసి వీడు మేధావి అని మేనల్లుడికి రాసింది కూడా ఈయనే. ఆ తరం సంగీతం వింటూ పెరిగిన వియన్నా వాళ్ళు, మాక్స్ స్టైనర్, కోర్న్‌గోల్డ్, హాలీవుడ్‌కి వెళ్ళి సినిమాలకి బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ నేర్పారు. అక్కడి నుంచి అది మన మద్రాసు స్టూడియోలకి దిగింది, అమ్మ సీన్ రాగానే ముప్పై వయొలిన్లు ఒక్కసారి ఏడ్చేది అందుకే. తేడా ఏంటంటే మనవాళ్ళు సీన్ రాకముందే ఏడవమని చెప్పేస్తారు, నాకది ఒళ్ళుమంట. 2025 మార్చిలో ఇళయరాజా గారు లండన్‌లో సింఫనీ వినిపించినప్పుడు మా ఫ్యామిలీ గ్రూప్‌లో "పాటలు ఎవరు పాడారు" అని అడిగారు బాబాయి. ఆయన్నేం అంటాం.

మొన్న ఏలూరు వెళ్ళినప్పుడు మా తమ్ముడికి మంచి స్పీకర్‌లో పెట్టి వినిపించా, ఏమీ చెప్పకుండా. మూడో భాగం ధన్ ధన్ మని అవగానే లేచి "సూపరక్కా, టీ తాగుదాం పద" అన్నాడు. కూర్చోరా ఇంకోటుంది అన్నా. మొత్తం విన్నాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ మూడోదాంతో ఆపెయ్యొచ్చుగా, ఆయనకేం పోయింది" అని టీ పెట్టడానికి వెళ్ళిపోయాడు.