ఇంటర్నెట్‌తో పేదరికం పోతుందా? ఆటోనగర్ నుంచి నా జవాబు

"ఇంటర్నెట్ వాడుకుని పేదరికం నుంచి బయటపడినవాళ్ళు నిజంగా ఉన్నారా, లేక అన్నీ యూట్యూబ్ కబుర్లేనా?" అని అడిగావు తమ్ముడూ. ఉన్నారు. నేనే ఉన్నాను. కాకపోతే నువ్వనుకునే దారిలో కాదు, ఈ రోజు వరకు ఆన్‌లైన్‌లో నేను ఒక్క రూపాయి సంపాదించలేదు.

మాది విజయవాడ, రాణిగారితోట. తొమ్మిదో తరగతి తప్పి 1999లో ఆటోనగర్‌లో లారీ ఎలక్ట్రీషియన్ దగ్గర పనికి చేరాను. వారానికి యాభై రూపాయలు, మధ్యాహ్నం భోజనం. పని అంటే టీ తేవడం, వైర్లు చెక్కడం, బ్యాటరీలు మోయడం. లారీ బ్యాటరీ బరువేంటో మోసినవాడికే తెలుస్తుంది, ఆ యాసిడ్ పడి నా చొక్కాలన్నీ జల్లెడలయ్యేవి. మా మేస్త్రి గొప్ప పనిమంతుడు, మనిషి కూడా మంచివాడే, పండక్కి బట్టలు పెట్టేవాడు. కానీ బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ విప్పి అసలు పని మొదలుపెట్టేసరికి అటు తిరిగి కూర్చునేవాడు. "ఒరేయ్, వెళ్ళి బీడీ కట్ట పట్రా" అనేవాడు. నేను తెచ్చేలోపు మూత బిగించేసి ఉండేది. అలా ఏడేళ్ళు బీడీలు తెచ్చాను. ఆయన్ని తప్పు పట్టను, పని నేర్చుకున్న కుర్రాడు పక్క వీధిలోనే షెడ్డు పెడతాడని భయం, ఆటోనగర్‌లో జరిగేది కూడా అదే. నన్నడిగితే మాత్రం మా ఇంటి పేదరికం చాలాకాలం ఆ వీపు వెనకే ఉండిపోయింది.

ఎలాగో నేర్చుకున్నాను, సొంతంగా చిన్నాచితకా పనులు చేసుకునేవాణ్ణి. పాత లారీలో ఏముంది, లైట్లు, హారన్, సెల్ఫ్, ఛార్జింగ్. వైరులో కరెంటు ఉందో లేదో చూసే బల్బు, టెస్ట్ ల్యాంప్, చేతిలో ఉంటే రోజు గడిచిపోయేది. కొత్త బండ్ల పొగకి హద్దు పెట్టే రూల్స్ మారాయి. 2017 ఏప్రిల్‌లో దేశమంతా బీఎస్-4 అన్నారు, మూడేళ్ళు తిరిగేసరికి 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అన్నారు. ఇంజిన్‌కి కంప్యూటర్ వచ్చింది, పొగగొట్టానికి సెన్సార్లు వచ్చాయి, డీజిల్ ట్యాంకు పక్కన ఇంకో చిన్న ట్యాంకు వచ్చింది. దాంట్లో పోసేది యూరియా నీళ్ళు, పొగలో ఉండే నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గడానికి. ఆ ఏర్పాటు సరిగ్గా పనిచేయట్లేదని కంప్యూటర్‌కి అనుమానం వస్తే ఇంజిన్ బలం తగ్గించేస్తుంది. లోడుతో ఉన్న బండి ఫ్లైఓవర్ ఎక్కదు. ఆ వైర్లలో టెస్ట్ ల్యాంప్ గుచ్చితే తప్పు దొరకదు సరికదా, గుచ్చకూడని చోట గుచ్చితే కంప్యూటరే పోవచ్చు. "నీకు తెలీదులే" అని ఓనర్లు బండ్లు తిప్పుకుని వెళ్ళిపోయేవాళ్ళు. మా ఆవిడ గొలుసు తాకట్టుకి వెళ్ళింది ఆ రోజుల్లోనే.

ఇంట్లో ఇంటర్నెట్ అప్పటికే ఉంది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి కొన్ని నెలలు ఉచితం అనేసరికి అందరిలాగే మేమూ సిమ్ తెచ్చుకున్నాం, నాలుగేళ్ళు కామెడీ సీన్లు చూశాం. అంతకుముందు ఒక్క జీబీ రెండొందల యాభై దాకా పెట్టి కొని, బొట్టు బొట్టుగా వాడిన రోజులు తల్చుకుంటే నవ్వొస్తుంది. లాక్‌డౌన్‌లో పని ఆగిపోయి ఇంట్లో కూర్చున్నప్పుడు ఒక వీడియో కనబడింది. ఎవరో పంజాబీ మెకానిక్. ముఖం చూపించడు, గ్రీజు పట్టిన రెండు చేతులే కనిపిస్తాయి. నాకొచ్చే హిందీ అంతా లారీ డ్రైవర్ల దగ్గర పట్టిందే, అయినా సగానికి సగం అర్థమైంది.

ఆయన చెప్పింది ఇంతే. ఇప్పటి లారీలో కంప్యూటర్లన్నీ మెలిపెట్టిన రెండు సన్నటి వైర్ల మీద మాట్లాడుకుంటాయి. క్యాన్ లైన్ అంటారు. ఆ రెండు వైర్లకీ ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి నూట ఇరవై ఓమ్స్ రెసిస్టర్లు ఉంటాయి. బ్యాటరీ తీసేసి, రెండు వైర్ల మధ్య మల్టీమీటర్ పెడితే, ఆ రెండూ పక్కపక్కన కలిసినట్టు లెక్క కాబట్టి సగం, అంటే అరవై చూపించాలి. నూట ఇరవై చూపిస్తే ఎక్కడో ఒక చివర తెగినట్టు, సున్నాకి దగ్గరగా చూపిస్తే రెండు వైర్లూ కలిసిపోయినట్టు. అయిపోయింది. అటు తిరిగి కూర్చోలేదు, బీడీ కట్ట తెమ్మనలేదు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. షాపులు తెరిచాక మొదట కొన్నది తొమ్మిదొందల మల్టీమీటర్. ఆటోనగర్‌లో నిలబడి ఉన్న ప్రతి కొత్త బండికీ డ్రైవర్ని బతిమాలుకుని అరవై వస్తుందో లేదో చూసేవాణ్ణి, పిచ్చోడనుకునేవాళ్ళు.

ఇక అసలు సంగతి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచింది కదా. పైపుల రోడ్డు దగ్గర నిలబెట్టిన పది చక్రాల లారీ ఒకటి నాలుగు రోజులు ఛాసిస్ దాకా నీళ్ళలో ఉంది. దాని ఓనర్‌కి ఆ ఒక్క బండే ఆధారం. నీళ్ళు తీశాక ఆయిళ్ళన్నీ మార్పించాడు, ఇంజిన్ స్టార్ట్ అయింది, కానీ డాష్‌బోర్డు మీద దీపావళి, బండి లాగదు. కంపెనీ వర్క్‌షాపుకి తీసుకెళ్తే వైరింగ్ సెట్ మొత్తం మార్చాలి, కంప్యూటర్లు కూడా చూడాలి, లక్షా డెబ్బై వేలు, సామాను రావడానికి మూడు వారాలు అన్నారట. ఈఎంఐ తారీఖు వచ్చేస్తోంది. ఎవరో చెబితే నా దగ్గరికి వచ్చాడు. షెడ్డు అనకూడదు దాన్ని, ఒక లేత్ షాపు ముందు రేకు కింద నా పెట్టె పెట్టుకుని ఉండేవాణ్ణి.

బ్యాటరీ టెర్మినల్ తీసి మీటర్ పెట్టాను. నూట పంతొమ్మిది పాయింట్ ఎనిమిది. గంతేసినంత పనైంది. ఓనరేమో "ఏంటబ్బాయ్, నవ్వుతున్నావ్?" అన్నాడు కోపంగా. ఆయనకి ఏం చెప్పను, ఒక చివరే పోయింది, మిగతాదంతా బతికే ఉందని ఆ అంకె చెబుతోంది. గోనెపట్టా వేసుకుని బండి కిందకి దూరాను. బుడమేరు బురద ఎండి పెళ్ళలు పెళ్ళలుగా ముఖం మీద రాలుతోంది, ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. వైరు పట్టుకుని, వైర్లు కలిపే కప్లర్లు ఒక్కోటి విప్పుకుంటూ వెనక్కి వెళ్ళాను. యూరియా ట్యాంకు వెనక, చెయ్యి సరిగ్గా పట్టని చోట ఒక కప్లర్. విప్పితే లోపలంతా పచ్చగా చిలుము. వైరు లాగీ లాగకముందే పిన్ను ఊడి చేతిలోకొచ్చింది. పాత సామాను కొట్టు నుంచి అలాంటి కప్లర్‌దే పిన్ను తెచ్చి, టంకం పెట్టి, ట్యూబు వేసి, మళ్ళీ మీటర్ పెట్టాను. అరవై పాయింట్ రెండు.

ఎర్రర్లు తుడిచేసి కానూరు దాకా వెళ్ళొచ్చాం. డ్రైవర్ గేరు మార్చి "అన్నా, లాగుతోంది!" అన్నాడు. ఓనర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత ఆరు వేలు అడిగితే ఆ నీళ్ళు ఆవిరైపోయాయి. "ఒక్క పిన్ను మార్చినందుకు ఆరు వేలా?" అని గంటసేపు బేరమాడి నాలుగున్నర ఇచ్చాడు. లక్షా డెబ్బై వేలు అడిగినవాళ్ళ దగ్గర నోరెత్తలేదు, నా దగ్గర బేరం! మన జనం ఇంతే, ఏసీ గదిలో ఇచ్చిన బిల్లుకి ఉన్న మర్యాద రేకు కింద ఇచ్చిన బిల్లుకి ఉండదు. కానీ లారీ స్టాండులో చెప్పాల్సింది చెప్పాడు. ఇప్పుడు ఇబ్రహీంపట్నం నుంచి, హనుమాన్ జంక్షన్ నుంచి, గుంటూరు మిర్చియార్డుకి లోడుకొచ్చిన బండ్ల నుంచి ఫోన్లొస్తాయి. గొలుసు విడిపించాను. సొంత షెడ్డు పెట్టాను, అద్దెదే అనుకో. పెద్దమ్మాయి పాలిటెక్నిక్ చదువుతోంది.

అందుకే "ఫోన్ ఉంటే నెలకి లక్ష" అనే వీడియోలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ లక్ష వాడికి వస్తుంది, నువ్వు చూసినందుకు. మా బావమరిది ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ అంటే నమ్మి రెండు వేలు రిజిస్ట్రేషన్ కట్టాడు. పది రోజులు రాత్రింబవళ్ళు టైపు చేస్తే తప్పులున్నాయన్నారు, అగ్రిమెంట్ తప్పావు, కోర్టు నోటీసు పంపిస్తాం, ఇంకో ఐదు వేలు కట్టమన్నారు. వాడు టెన్షన్‌తో అన్నం మానేశాడు. సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాక ఆ ఫోన్లు ఆగిపోయాయి, రెండు వేలు మాత్రం పోయినట్టే. పని ఇస్తాననేవాడు ముందు డబ్బు అడిగితే వాడు దొంగ, ఇందులో ఆలోచించడానికేం లేదు.

మనవాళ్ళ వీడియోల గురించి కూడా ఒక మాట. తెలుగులో లారీ పని వెతికితే మొదటి మూడు నిమిషాలు నమస్కారాలు, గంట గుర్తు నొక్కండి, లైక్ కొట్టండి. అసలు పని దగ్గరికొచ్చేసరికి "మిగతాది రెండో భాగంలో". మా మేస్త్రే నయం, కనీసం బీడీ డబ్బులు ఆయనే ఇచ్చేవాడు.

నీ ప్రశ్నలో అవకాశాలు ఎలా వెతకాలి అని కూడా ఉంది. నీ చేతిలో ఏ పని ఉందో రాయలేదు, అది రాసి ఉంటే సూటిగా చెప్పేవాణ్ణి. పని ఉంటే ఆ పనిలో నీకు చేతగాని ఒక్క ముక్క వెతుకు, హిందీలో వెతుకు, తమిళంలో వెతుకు, చేతులు కనిపిస్తే చాలు. మర్నాడే దాన్ని ఏదో ఒక వస్తువు మీద చేసి చూడు. బండి కింద దూరకుండా నేను వెయ్యి వీడియోలు చూసినా ఉపయోగం ఉండేది కాదు. చదువుకున్నవాడివైతే వేరే లెక్క. మా వీధిలో ఒకమ్మాయి, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) వాళ్ళ కానిస్టేబుల్ పరీక్ష 2024 నుంచి తెలుగులోనూ రాయొచ్చని ఫోన్లో చూసి తెలుసుకుంది, లేకపోతే ఇంగ్లీషు భయంతో ఆ వైపే చూసేది కాదు. ఇప్పుడు పొద్దున్నే కృష్ణ ఒడ్డున పరిగెడుతోంది.

నాకూ ఇంకా రాని పని ఉంది. యూరియా పంపు మార్చాక దాని కంప్యూటర్‌కి కోడింగ్ చేయాలి, అది కంపెనీ సాఫ్ట్‌వేర్‌తోనే అవుతుందంటున్నారు, ప్రతిసారీ బండిని వాళ్ళకే అప్పగించాల్సి వస్తోంది. అది బయట చేసే పద్ధతి విప్పి చూపించిన వీడియో ఎవరికైనా కనబడితే లింకు పెట్టండి. ఏ భాషైనా ఫర్వాలేదు.